సెకండ్ లైఫ్‌లో అవధానం పెడుతున్న అమ్ములుకి

చి. అమ్ములుకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు సెకండ్ లైఫ్‌లో, అదే అందరూ అవతార్ అనే బొమ్మరూపం తొడుక్కుని తిరిగే ఆ ఇంటర్నెట్ లోకంలో, స్థలం అద్దెకు తీసుకున్నావనీ, ఉగాదికి అక్కడ అష్టావధానం పెడుతున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. దాని గొంతు వింటే నువ్వేదో అప్పు చేసి పొలం కొన్నావేమో అనుకున్నాను. సంగతి తెలిశాక గర్వంగానే ఉంది. మన ఇంట్లో ఈ తరం పిల్ల పద్యం పేరెత్తడమే గొప్ప, నువ్వు ఏకంగా ఎనిమిది మంది పృచ్ఛకుల్ని పోగేశావు. కానీ ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. "పెద్దమ్మా, మండపం సూపర్‌గా వచ్చింది, నా సిస్టమ్‌లో 90 ఎఫ్‌పీఎస్" అని నువ్వు పంపిన మెసేజే అందుకు కారణం.

ఆ 90, అంటే సెకనుకి తెర మీద గీసే ఫ్రేమ్‌ల లెక్క, నీ గేమింగ్ డెస్క్‌టాప్‌ది తల్లీ. అవధానిగారు ఏ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటారో అడిగావా? ఆయన కొడుకు పాతబడిందని వదిలేసిన ల్యాప్‌టాపే అయ్యుంటుంది. నువ్వు కట్టేది ఆయన కోసం. నీ కళ్ళతో చూసుకుని మురిసిపోవద్దు.

ముందు ఒక మాట. అందరూ "లాగ్, లాగ్" అని ఒకటే కేక పెడతారు గానీ అందులో మూడు వేరు వేరు జబ్బులున్నాయి. పెళ్ళిలో భోజనం ఆలస్యమైతే వంటశాలలో ఆలస్యమా, వడ్డనలో ఆలస్యమా, లేక విస్తరి ముందు కూర్చున్నవాడికి పంటినొప్పా అని చూడమూ? ఇదీ అంతే. సర్వర్ నెమ్మదించడం ఒకటి, దారిలో నెట్ తడబడటం రెండోది, మన కంప్యూటరే బొమ్మ గీయలేక ఆయాసపడటం మూడోది. కంట్రోల్, షిఫ్ట్, 1 కలిపి నొక్కితే అంకెల పట్టీ ఒకటి తెరుచుకుంటుంది. అందులో సర్వర్ కాలం నిదానించిందో లేదో చెప్పే టైమ్ డైలేషన్ 1.0 దగ్గరా, సర్వర్ సెకనుకి ఎన్ని అడుగులు వేస్తోందో చెప్పే, సిమ్ ఎఫ్‌పీఎస్ 45 దగ్గరా ఉంటే సర్వర్ క్షేమంగా ఉన్నట్టే. పింగ్, ప్యాకెట్ లాస్ అనేవి దారి సంగతి చెబుతాయి. పైన కనిపించే ఎఫ్‌పీఎస్ మాత్రం నీ మిషన్‌ది. ఈ పట్టీ చూడకుండా ఎవరి మీదా నేరం మోపకు.

మీ పెదనాన్న మోపారు. ఆ కథ చెప్పాలి. ఈ ఉత్తరం ఆయన చదవరన్న ధైర్యంతోనే రాస్తున్నాను.

అప్పుడు మేం శాన్ హోసేలో ఉన్నాం. 2010 ప్రాంతం. సెకండ్ లైఫ్‌లోకి ఇంకా మెష్, అంటే బయట తయారుచేసి తెచ్చుకునే త్రికోణాల మోడల్, రాలేదు, అది ఆ మరుసటి ఏడు వచ్చింది. అందరం అక్కడే దొరికే దిమ్మల్లాంటి ప్రిమ్‌లూ, వాటినే వంపులు తిప్పిన స్కల్ప్టీలతోనే కట్టేవాళ్ళం. ఆయనకు లేపాక్షి నాట్యమండపం పిచ్చి పట్టింది. ఇండియా వచ్చినప్పుడు వీరభద్రాలయంలో ప్రతి స్తంభాన్నీ నాలుగు వైపులా ఫొటోలు తీసుకొచ్చారు. నెలల తరబడి ఆఫీసు నుంచి రాగానే అదే పని. 60 స్తంభాలు, ఒక్కోదానికి నాలుగు ముఖాలు, ప్రతి ముఖానికీ వేరే ఫొటో, ప్రతి ఫొటో 1024 బై 1024. చూడటానికి మహాద్భుతంగా ఉండేది, కాదనను. అందులో కళ ఉంది.

లెక్క మాత్రం లేదు. ఆ సైజు బొమ్మ నెట్‌లో వచ్చేటప్పుడు కుదించుకుని వస్తుంది గానీ, గ్రాఫిక్స్ కార్డులోకి వెళ్ళేసరికి విప్పుకుని కూర్చుంటుంది. పారదర్శకత పొర కూడా ఉంటే ఒక్కోటి 4 ఎంబీ. 240 బొమ్మలంటే 960 ఎంబీ. అప్పట్లో మామూలు ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్‌కి 256 ఎంబీ ఉంటే అదే ఎక్కువ. దానికి తోడు, ఆ ఫొటోలన్నీ పారదర్శకత పొరతో సహా సేవ్ చేశారు. రాతి స్తంభానికి పారదర్శకత ఎందుకు? కానీ సెకండ్ లైఫ్‌ని మనకు చూపించే ప్రోగ్రామ్, ఆ వ్యూయర్‌కి అది రాయి అని తెలియదు కదా. పొర ఉంది కాబట్టి వెనక ఉన్నది కనిపిస్తుందేమో అనుకుని, అన్నింటినీ దూరం వారీగా వరుస పెట్టి, వెనకది ముందు, ముందుది తర్వాత, ఒకదాని మీద ఒకటి గీస్తుంది. ప్రతి ఫ్రేమ్‌కీ ఇదే చాకిరీ.

ప్రారంభం రోజు 30 మందికి పైగా వచ్చారు. స్తంభాలు చాలామందికి బూడిదరంగు దిమ్మల్లా కనిపించాయి. ఒక శిల్పం మొహం తేటపడుతుంది, అటు తిరిగి ఇటు వచ్చేలోపు మళ్ళీ మసకబారుతుంది. కార్డులో చోటు చాలక ఒక బొమ్మను తోసేసి ఇంకోదాన్ని తెచ్చుకుంటోందన్నమాట. "సర్వర్ చచ్చింది" అని ఎవరో అన్నారు. పెదనాన్నకు ఆ మాట తియ్యగా ఉంది, ఎందుకంటే తప్పు మండపానిది కాదు కదా! రీజియన్, అంటే ఆ స్థలం మొత్తాన్నీ, రీస్టార్ట్ కొట్టారు. అందరూ బయట పడ్డారు. సగం మందే తిరిగొచ్చారు, వచ్చినవాళ్ళకీ ఏమీ మారలేదు. మర్నాడు ఎక్కువ అద్దెకి ఇంకో రీజియన్ తీసుకుని మండపం అక్కడికి మార్చారు. అదే బూడిద, అదే ఆయాసం. చివరికి నా పాత ల్యాప్‌టాప్‌లో ఆ అంకెల పట్టీ తెరిచి చూపించాను. టైమ్ డైలేషన్ 0.99. సిమ్ ఎఫ్‌పీఎస్ 45. నా ఎఫ్‌పీఎస్ 4. ఆయన చాలాసేపు దాని వంకే చూసి, "నీ ల్యాప్‌టాప్ బాలేదు" అన్నారు.

డబ్బు పోతే పోయింది. నాకు ఇప్పటికీ గుచ్చుకునేది వేరే సంగతి. ఆ ప్రారంభానికి రాజమండ్రి నుంచి మీ తాతగారు కూడా వచ్చారు. పక్కింటి అబ్బాయి చేత ఇన్‌స్టాల్ చేయించుకుని, అవతార్‌కి పంచె తొడిగించుకుని మరీ వచ్చారు. ఆయనకు స్తంభాలు కనపడలేదు, నడవబోతే కాళ్ళు కదల్లేదు. ఎవరినీ పిలవలేదు, ఏమీ అడగలేదు, చల్లగా వెళ్ళిపోయారు. తర్వాత ఫోన్ చేస్తే "నాకే చేతకాలేదులే అమ్మా, పెద్దవాణ్ణయిపోయాను" అన్నారు. మళ్ళీ ఎన్నిసార్లు పిలిచినా రాలేదు. కుర్రాళ్ళయితే లాగ్ అని తిట్టుకుంటారు. పెద్దవాళ్ళు తమకు రాదనుకుంటారే, అదీ నా బెంగ. అందుకే ఈ రుసరుస. కోపం అనుకోకు.

ఇప్పుడు నీ మండపం. 1024ని 512 చేస్తే భారం నాలుగో వంతుకు, 256 చేస్తే పదహారో వంతుకు తగ్గుతుంది. గోడలకు, నేలకు ఒకే బొమ్మను తిప్పి తిప్పి వాడు. ఇప్పుడు 2048 కూడా అప్‌లోడ్ చేయనిస్తున్నారు, ఒక్కోటి 16 ఎంబీ. దాని జోలికి పోతే నేను నీ మండపానికి రాను. నిజంగా చిల్లులున్న జాలీకి ఆల్ఫా బ్లెండింగ్ (వెనకదానితో కలిపి గీసే పారదర్శకత) తీసేసి మాస్కింగ్ (ప్రతి చుక్కా ఉందో లేదో తేల్చేసేది) పెట్టు, వరుస పెట్టే బాధ తప్పుతుంది. మెష్ అయితే దూరం పెరిగేకొద్దీ వివరాలు తగ్గే ఎల్‌ఓడీ మోడల్స్ నువ్వే చేసిపెట్టు, వ్యూయర్‌కి వదిలేయకు. దీపాలు ముచ్చటగా ఉంటాయి గానీ ప్రతి ప్రమిదకూ లైట్ పెట్టకు. వెలుగు కనిపించడానికి ప్రమిదకి గ్లో చాలు.

మండపం తేలికైనా జనం బరువే. అసలు ఫ్రేమ్‌లు తినేసేది అవతార్లే. మీ ఫ్రెండ్స్ పట్టుచీర, వడ్డాణం, జడకుచ్చులు, పది వేళ్ళకీ ఉంగరాలు తొడుక్కుని వస్తారు. ఒక్కో నగ మెష్ ఒక పెద్ద భవనం కన్నా ఎక్కువ త్రికోణాలతో ఉంటుంది. అవతార్ ఎంత బరువో చెప్పే కాంప్లెక్సిటీ అంకె ఎంత దాటకూడదో ఆహ్వానంలోనే రాసెయ్. మొహమాటపడకు. పెద్దవాళ్ళ వ్యూయర్లలో ఆ హద్దును ముందే తగ్గించి పెట్టు, అప్పుడు మరీ బరువైనవాళ్ళు వివరాల్లేని ఒట్టి బొమ్మల్లా కనిపిస్తారు. కనిపించనీ. అవధానం వినడానికి వచ్చారా, నగలు చూడ్డానికా? ఎంత దూరం దాకా గీయాలో చెప్పే డ్రా డిస్టెన్స్ 64 మీటర్లు చాలు. మండపం దాటి చూడాల్సింది ఏముంది? దాన్ని రెట్టింపు చేస్తే విస్తీర్ణం నాలుగు రెట్లవుతుంది. షాడోస్ తీసేయించు.

నువ్వు తీసుకున్నది హోమ్‌స్టెడ్, అంటే చిన్న రకం రీజియన్ అని మీ అమ్మ మాటల్ని బట్టి అర్థమైంది. అందులో 20 మందికి మించి పట్టరు. అవధాని, సంచాలకుడు, ఎనిమిది మంది పృచ్ఛకులు కలిపితే 10. మిగిలేది 10 కుర్చీలు, అందులో ఒకటి నాది. మిగతా జనాన్ని లోపలికి లాగకు. నీ 90 ఎఫ్‌పీఎస్ డెస్క్‌టాప్‌కి అసలైన పని ఇక్కడుంది: అందులో కెమెరా అవతార్ పెట్టి యూట్యూబ్‌లో లైవ్ ఇవ్వు. మెల్‌బోర్న్ పిన్ని, డాలస్ మామయ్య టీవీలో హాయిగా చూసుకుంటారు.

సర్వర్ జబ్బు నీకు వస్తే వస్తువుల్లో దాచే చిన్న ప్రోగ్రాముల, అదే స్క్రిప్ట్‌ల వల్లే వస్తుంది. పాత రోజుల్లో జుట్టు సైజు మార్చడానికి ప్రతి ప్రిమ్‌లో ఒక స్క్రిప్ట్ దాచేవారు, ఒక సిగలో వంద దాటేవి. అలాంటి మనిషి టెలిపోర్ట్ అయి దిగిన క్షణం అందరికీ ఒక్క కుదుపు. ఇప్పటికీ ఎవరైనా దిగితే ఎంతోకొంత కుదుపు ఉంటుంది. కాబట్టి అందరినీ అరగంట ముందే రమ్మను. నిషిద్ధాక్షరి మొదలయ్యాక కొత్తవాళ్ళు రాకుండా నీ స్థలంలోకి రానిచ్చే పార్శిల్ యాక్సెస్ మూసెయ్. అవసరం లేని హెచ్‌యూడీలు, అంటే తెర మీద తగిలించుకునే బటన్ల పలకలు, అందరూ విప్పేయాలి.

ఇక దూరం. సెకండ్ లైఫ్ సర్వర్లు 2020లో అమెజాన్ క్లౌడ్‌లోకి మారాయి, ఉండేది ఒరెగాన్‌లో. హైదరాబాద్ నుంచి గీత గీసినట్టు వెళ్ళినా 12 వేల కిలోమీటర్ల పైమాటే. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, పోయి రావడానికే 120 మిల్లీసెకన్లు దాటుతుంది. కేబుళ్ళు వంకర టింకరగా పోతాయి గనక నిజంగా అంతకు రెట్టింపు చూస్తావు. శాన్ హోసేలో ఉన్నన్నాళ్ళూ నాకు ఈ బాధ తెలియలేదు, కాకినాడ వచ్చాక తెలిసింది. దీనికి మందు లేదు, ఏ కార్డు కొన్నా తగ్గదు. ఇలాంటి లోకాన్ని మనమే నడుపుకునే ఓపెన్‌సిమ్ సాఫ్ట్‌వేర్ తెచ్చుకుని ముంబయి సర్వర్‌లో పెట్టుకోవచ్చు, కానీ అది ఈ ఉగాదికి అయ్యే పని కాదు.

అందుకే కార్యక్రమాన్నే కాస్త మలుచుకో. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే పృచ్ఛకుడు తర్వాతి అక్షరం నిషేధించాలి. అక్షరం అక్షరానికీ ఆలస్యం పోగవుతుంది. దానికి మామూలు కన్నా ఎక్కువ సమయం కేటాయించు. మధ్యలో సరదా మాటలు విసిరి దృష్టి మళ్ళించే అప్రస్తుత ప్రసంగి చమత్కారమంతా సమయంలో ఉంది. ఆయన విసిరిన మాట క్షణం ఆలస్యంగా వచ్చి పద్యపాదం మధ్యలో పడితే చెరొకరూ ఆగిపోయి "మీరు చెప్పండి", "కాదు మీరే" అనుకుంటూ కూర్చుంటారు. ఆయనతో ముందే మాట్లాడి, పాదం పూర్తయ్యాకే అందుకోమను. అవధాని ఎన్నిసార్లు మోగిందో లెక్కపెట్టాల్సిన గంట సంగతి మరీ జాగ్రత్త. స్క్రిప్ట్‌తో మోగే గంట పెడితే ఆ శబ్దం మొదటిసారి డౌన్‌లోడ్ అయ్యాకే వినిపిస్తుంది, తొలి మోత కొందరి చెవిన పడకపోవచ్చు. ఆరన్నది అవధాని లెక్క, ఏడన్నది పృచ్ఛకుడి లెక్క అయితే పరువు ఎవరిది పోతుంది? పూజగదిలో గంట తెచ్చి మైకు దగ్గర వాయించమను. అది కూడా మైకులో చప్పుళ్ళు తగ్గించే సెట్టింగ్ ఆపేశాకే, లేకపోతే గంటను కూడా అనవసరపు మోత అనుకుని అది మింగేస్తుంది.

మిగతావి నీకు తెలిసినవే. వైఫై కాదు, కేబుల్. ఛార్జర్ పెట్టే ఉండాలి. బ్రౌజర్ ట్యాబులు మూసెయ్. వ్యూయర్‌లో బ్యాండ్‌విడ్త్ చివరిదాకా జరిపితే వేగం పెరుగుతుందనుకోకు, ప్యాకెట్లు పోతాయంతే. యాంటీవైరస్ వ్యూయర్ కాష్ ఫోల్డర్‌ని తడమకుండా చూడు. రెండు గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే వ్యూయర్ దేన్ని వాడుతోందో చూసుకో, చాలాసార్లు బలహీనమైనదాన్నే పట్టుకుంటుంది. రౌటర్‌కి యూపీఎస్ పెట్టు.

అవధానిగారింటికి మాత్రం నువ్వే స్వయంగా వెళ్ళు. ల్యాప్‌టాప్ పరుపు మీద కాదు, బల్ల మీద ఉండాలి. ఉగాది నాటికి ఎండలు ముదురుతాయి. మొదటి పావుగంట బాగా నడిచి తర్వాత ఫ్రేమ్‌లు పడిపోతే అది జనం వల్ల కాదు, వేడెక్కి ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంది. ఫ్యాన్ దుమ్ము దులిపించు. అందులో ర్యామ్ ఒకే పుల్ల ఉంటే, అలాంటిదే ఇంకోటి వేయించు. ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కి అది నిజంగా పనికొస్తుంది, ఖర్చు నేనిస్తాను, మీ అమ్మకి చెప్పకు. ఆయన వద్దంటే "నా కోసం సార్" అను.

రిహార్సల్ వచ్చే ఆదివారం సాయంత్రం 6కి పెట్టు. కాలిఫోర్నియా వాళ్ళకి అది తెల్లవారుజామున 5:30, అయినా లేస్తారు, నేను ఫోన్ చేసి లేపుతాను. ఇద్దరు ముగ్గురితో కాదు, 20 మందితో చెయ్యి, చీరలతో నగలతో సహా. అందరి చేతా అంకెల పట్టీ తెరిపించి ఎవరి ఎఫ్‌పీఎస్ ఎంతో రాసుకో. అందులో అన్నిటికన్నా చిన్న అంకె ఎవరిదో నాకు మెసేజ్ పెట్టు, మిగతావి నాకక్కర్లేదు.

మీ పెదనాన్న ఆ 60 స్తంభాలూ ఇన్వెంటరీలో ఇంకా దాచుకున్నారు. నీ సంగతి విన్నప్పటి నుంచి ఉబలాటపడుతున్నారు, నీకు పంపిస్తారు చూడు. వద్దనకు, బాధపడతారు. రెండు తీసుకుని, ఆ పొర పీకేసి, 512కి తగ్గించి ద్వారం దగ్గర నిలబెట్టు.

వేళకి తిని పడుకో.

మీ పెద్దమ్మ