డ్రై వైట్ వైన్‌ను పదేళ్లు దాచవచ్చా?

వైట్ వైన్‌ను కొన్న ఏడాదిలోపే తాగేయాలంటారు కదా, తీపి లేని డ్రై వైట్‌ను పదేళ్లు దాచడం వృథాయేనా అని అడిగారు. చాలా సీసాల విషయంలో ఆ మాట నిజం. సావిన్యాన్ బ్లాంక్ ద్రాక్షతో చేసే వైన్‌లు ఎక్కువగా తాజా పరిమళం కోసమే చేసినవి. దాచితే ఆ పరిమళం పోతుంది, బదులుగా వచ్చేది పెద్దగా ఏమీ ఉండదు.

కానీ దాచదగినవి ఉన్నాయి. నాకు ఆ నమ్మకం కలిగించింది ఆస్ట్రేలియాలోని హంటర్ వ్యాలీలో సెమియాన్ ద్రాక్షతో చేసే వైన్. అక్కడ ద్రాక్షను ముందుగానే కోస్తారు, ఆల్కహాల్ 10, 11 శాతం దగ్గరే ఆగుతుంది. కొత్తగా తెరిస్తే దాదాపు నీళ్ల రంగు, నిమ్మ పులుపు, అంతే. పదేళ్లు దాటిన సీసాలో అదే వైన్ బంగారు రంగుకు తిరిగింది. కాల్చిన రొట్టె, తేనె వాసనలు వచ్చాయి, నోట్లో మాత్రం తీపి లేదు. ఓక్ చెక్క పీపాలో ఉంచారేమో అనిపిస్తుంది. సంప్రదాయ పద్ధతిలో ఆ వైన్‌కు ఓక్ తగలనివ్వరు. ఆ వాసనంతా సీసాలోనే పుట్టింది.

రెడ్ వైన్‌ను నిలబెట్టే వాటిలో తొక్కల నుంచి దిగే వగరు ముఖ్యమైనది. వైట్‌కు తొక్కలు తీసేసి రసాన్నే పులియబెడతారు కాబట్టి ఆ అండ ఉండదు. ఆ పని చాలావరకు పులుపే చేయాలి. పులుపు గట్టిగా ఉంటే వైన్‌లో కలిపే సల్ఫర్ డయాక్సైడ్ కూడా బాగా పనిచేస్తుంది. రీస్లింగ్ ద్రాక్ష వైన్, ఫ్రాన్స్‌లో లువార్ లోయలోని సావెన్నియేర్‌లో షెనిన్ బ్లాంక్ ద్రాక్షతో చేసే వైన్ ఎక్కువ కాలం నిలవడానికి ముఖ్య కారణం ఇదే. ముదిరిన రీస్లింగ్‌లో కిరోసిన్‌ను తలపించే వాసన వస్తే పాడైందనుకోకండి. టీడీఎన్ అనే పదార్థం వల్ల వచ్చే వాసన అది, నాకు ఎంతో ఇష్టం కూడా.

ఈ లెక్కకు లొంగనిది ఫ్రాన్స్‌లోనే రోన్ లోయలో చేసే ఎర్మితాజ్ వైట్. దానికి ఎక్కువగా వాడే మార్సాన్ ద్రాక్షలో పులుపు తక్కువ, అయినా మంచి సీసాలు దశాబ్దాలు నిలుస్తాయి. మధ్యలో కొన్నేళ్లు మాత్రం వాసనా రుచీ ముడుచుకుపోతాయి. అప్పుడు తెరిస్తే నిరాశే.

పేరును మాత్రమే నమ్మి దాచకండి. 1990ల మధ్య నుంచి ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు వైట్లలో గొప్ప పేరున్న సీసాలు కూడా కొన్నేళ్లకే గాలి సోకి, కోసి పెట్టిన యాపిల్ ముక్కలా రంగు మారి రుచి పోగొట్టుకున్నాయి. ఒకే పెట్టెలో ఒకటి అద్భుతం, పక్కది వ్యర్థం. కార్కుల తేడా ఇందులో ఒక కారణం. కార్కుతోనే వచ్చే మరో బెడద, వైన్‌కు బూజు వాసన పట్టడం. అది భరించలేకే ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీ రీస్లింగ్ ఉత్పత్తిదారులు కొందరు 2000 పంట నుంచి కలిసికట్టుగా, తిప్పి తెరిచే మరమూతకు మారారు. దాచడానికైతే నేను మరమూత ఉన్న రీస్లింగే ఎంచుకుంటాను.

మీరు దాచే ముందు, ఎక్కడైనా ముదిరిన సీసా ఒకటి దొరికితే రుచి చూడండి. పాతబడిన వైట్‌లో పండ్ల తాజాదనం ఉండదు. గింజపప్పుల, తేనెమైనపు వాసనలు ఉంటాయి. అవి నచ్చనివారు పదేళ్లు ఆగడంలో అర్థం లేదు. నచ్చితే ఒకే వైన్ ఆరు సీసాలు కొని, చీకటిగా, 12, 13 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉండేచోట పెట్టి, రెండేళ్లకొకటి తెరుస్తూ వెళ్లండి. అంత చల్లని చోటు లేకపోతే కొన్న ఏడాదిలోపే తాగేయండి.