మేకపిల్లల్ని ఇంట్లో పెట్టుకోవచ్చా?

చలికాలంలో పుట్టిన మేకపిల్లల్ని ఇంట్లో పెట్టుకోవచ్చా అని అడిగారు. రెండు మూడు రాత్రుల మాటైతే పెట్టుకోవచ్చు. పెంపకమంతా ఇంట్లోనే అంటే వద్దు.

తడితో పుట్టిన పిల్లకు ఒంట్లో వేడి త్వరగా దిగిపోతుంది. మామూలుగా అది 39 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉండాలి. నోట్లో వేలు పెట్టి చూడండి. చల్లగా తగిలితే ముందు పొడిగుడ్డతో బాగా తుడిచి, గోనెసంచిలో చుట్టి వెచ్చబెట్టాలి. పాలు ఆ తర్వాతే. చల్లబడి నీరసించిన పిల్లకు బలవంతంగా పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికొస్తుంది. వెచ్చబడగానే, వీలైతే పుట్టిన గంట రెండు గంటల్లోపే, ముర్రుపాలు పట్టించండి. రోగాల్ని తట్టుకునే శక్తి దానికి వాటితోనే వస్తుంది. తల్లిని పక్కనే కట్టేయండి. ఎక్కువసేపు విడదీస్తే కొన్ని మేకలు పిల్లను దగ్గరికి రానివ్వవు. తలుపులు మూసేసి బొగ్గుల కుంపటి మాత్రం పెట్టకండి, దాన్నుంచి వచ్చే విషవాయువు మనుషుల్నే చంపేస్తుంది.

రోజుల తరబడి ఎందుకు వద్దంటే, గాలాడని గదిలో మూత్రం నుంచి అమ్మోనియా పేరుకుని మేకపిల్లలకు న్యుమోనియా పట్టుకుంటుంది. మనకూ ప్రమాదమే. మాయ, ఈతప్పుడు కారే ద్రవాల నుంచి బ్రూసెల్లోసిస్, క్యూ ఫీవర్ అనే జ్వరాలు సోకవచ్చు. ఇంట్లో గర్భిణి ఉంటే ఒక్క రాత్రికైనా లోపలికి తేవద్దు.