పెద్దవాళ్లకు సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కి చేసే ప్రథమ చికిత్స) చేసేటప్పుడు ఎంత లోతుగా, ఎంత వేగంగా నొక్కాలి?

ఛాతీ 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు దిగాలి. వేగం నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అంటే సెకనుకు దాదాపు రెండు.

ముందుగా భుజాలు తట్టి గట్టిగా పిలవండి. పలుకు లేక, ఊపిరి మామూలుగా ఆడకపోతే 108కి ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి పక్కన ఉంచండి. చాలామంది పొరబడేది ఇక్కడే. గుండె ఆగిన తొలి నిమిషాల్లో కొందరు ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి, ఉండి ఉండి ఎగశ్వాస తీస్తారు. దాన్ని చూసి బతికే ఉన్నాడని ఆగిపోతారు. అది ఊపిరి కాదు, వెంటనే నొక్కడం మొదలుపెట్టాలి.

పరుపు కుంగుతుంది కాబట్టి నేల మీదే పడుకోబెట్టండి. ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద, మణికట్టుకు ఆనుకుని ఉండే అరచేతి భాగాన్ని ఆనించి, రెండో చెయ్యి దానిపై వేయండి. మోచేతులు వంచకుండా ఒంటి బరువుతో నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వండి, గుండెలోకి రక్తం నిండేది అప్పుడే. పక్కటెముక విరిగిన చప్పుడు వినిపించవచ్చు. భయం వేస్తుంది, అయినా ఆపవద్దు.

నోటితో శ్వాస ఇవ్వడంలో శిక్షణ ఉంటే 30 నొక్కులకు 2 శ్వాసలు. లేకపోతే నొక్కుతూనే ఉండండి. చేతులు త్వరగా అలిసిపోతాయి, అందుకే 2 నిమిషాలకోసారి మనిషి మారాలి. నోట్లో నీళ్లు మాత్రం పోయనివ్వకండి, మన దగ్గర ఎవరో ఒకరు గ్లాసుతో వస్తారు!