ఆయన దొర్లితే నాకు మెలకువ, ఏ పరుపు కొనాలి?

ప్రశ్న: అక్కా, మాది పర్లాకిమిడి. మా ఆయన రాత్రంతా అటూ ఇటూ దొర్లుతారు, ఆయన తిరిగిన ప్రతిసారీ నాకు మెలకువ వచ్చేస్తుంది. ఇప్పుడున్నది మామూలు స్ప్రింగ్ పరుపు. ఏది మార్చాలి?

జవాబు: చెల్లెమ్మా, రోజూ సగం నిద్రతో లేచి ఇంటిపని చేసుకోవడం ఎంత కష్టమో, దీన్ని అస్సలు చిన్న విషయం అనుకోకు. మామూలు స్ప్రింగ్ పరుపు, అంటే బానెల్ రకంలో స్ప్రింగులన్నీ తీగతో ఒకదానికొకటి కట్టేసి ఉంటాయి, అందుకే ఆయన వైపు నొక్కుకుంటే నీ వైపు ఊగుతుంది. పాకెట్ స్ప్రింగ్‌లో ఒక్కో స్ప్రింగు విడిగా గుడ్డ సంచిలో ఉంటుంది కాబట్టి ఆ ఊపు చాలావరకు అక్కడే ఆగిపోద్ది. కదలిక ఆపడంలో అన్నిటికన్నా మెమరీ ఫోమే (ఒంటి బరువుకి కుంగి, నెమ్మదిగా మళ్ళీ పైకి లేచే మెత్తటి ఫోమ్) మేలు, 1966లో నాసా కోసం విమానం సీట్లకని చేసిన ఫోమ్ అది, కానీ వేడి పట్టి ఉంచుతుంది, మీ వైపు ఎండాకాలం ఉక్కపోతలో ఏసీ లేకపోతే కష్టమే. అందుకే నా ఓటు పాకెట్ స్ప్రింగ్ మీద పల్చటి మెమరీ ఫోమ్ పొర ఉన్నదానికి. లేటెక్స్, అంటే రబ్బరు ఫోమ్ పరుపు, చల్లగానే ఉంటుంది గానీ నొక్కితే కాస్త ఎగిరినట్టు ఊగుతుంది.

కొనేముందు బరంపురమో శ్రీకాకుళమో షాపుకి ఇద్దరూ వెళ్ళండి, నువ్వు కళ్ళు మూసుకుని పడుకో, ఆయన్ని పక్కన దొర్లమను, సిగ్గుపడకు. మంచం కిర్రుమంటుంటే ముందు బోల్టులు బిగించండి. డబ్బు తక్కువుంటే 36 అంగుళాల సింగిల్ పరుపులు రెండు పక్కపక్కన వేసుకున్నా చాలు.