ఈ సంక్రాంతికి దణ్ణం ఎవరికి పెట్టుకోవాలి?

టంగుటూరు దగ్గరి పల్లె నుంచి 46 ఏళ్ల సోదరి ఒకరు ఇలా రాశారు: "ఆషాఢంలో మా ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచేయి, కుడికాలు పడిపోయాయి. అదే రోజుల్లో వేలానికి తీసుకెళ్లిన పొగాకు బేళ్లు చాలావరకు ఎవరూ పాట పాడక, నోబిడ్ అయి ఇంటికి తిరిగొచ్చాయి. అప్పు అలాగే ఉంది. ఒంగోలు ఆసుపత్రిలో ఇరవై రోజులు ఉన్నప్పుడు పక్కింటావిడ మా గేదెను చూసుకుంది. మాఘంలో పెళ్లయిన అమ్మాయి, అల్లుడు తొలి సంక్రాంతికి వస్తామంటున్నారు. మా అత్తమ్మేమో 'మనిషి దక్కాడు, దేవుడికి దణ్ణం పెట్టుకో, నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా' అంటుంది. ఆ మాటకు నాకు కోపం వస్తుంది, కోపం వచ్చినందుకు సిగ్గేస్తుంది. ఆయన రోజంతా గోడవైపు తిరిగి పడుకుంటారు. ఈ ఏడు పండగ మానేద్దామనుకుంటున్నాను. నాలో కృతజ్ఞత లేదా?"

అమ్మా, మీలో కృతజ్ఞతే లేకపోతే, ఇన్ని కష్టాలు చెప్పుకునే ఉత్తరంలోకి ఆ గేదె మాట వచ్చేదే కాదు. పక్కింటావిడను ఎవరూ అడగలేదు. అయినా ఆమె ఇరవై రోజులు రెండు పూటలా మీ కొట్టంలోకి వచ్చి, మేత వేసి, పాలు పిండి వెళ్లింది. అది మీకు గుర్తుంది. మీకు కోపం తెప్పిస్తున్నది కృతజ్ఞత కాదు, మీ బాధను ఇంకొకరి బాధతో తూచి, తక్కువే కనుక మాట్లాడవద్దనడం. ఒకరికి రెండు కాళ్లూ లేవని మన విరిగిన కాలి నొప్పి తగ్గదు. ఆ కోపానికి మీరు సిగ్గుపడనక్కరలేదు. అయితే మీ అత్తమ్మగారు కూడా కన్నకొడుకు మంచాన పడితే చూస్తున్న తల్లి అని మరవకండి. ఆ మాట ఆమె మీకంటే తనకే ఎక్కువగా చెప్పుకుంటున్నారేమోనని నా అనుమానం.

నెల్లూరులో మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ గురించి మీకు తెలిసే ఉంటుంది. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక ఉన్నవారు ఆరోగ్య రొట్టెనో, చదువు రొట్టెనో, పెళ్లి రొట్టెనో పుచ్చుకుంటారు. కోరిక తీరినవారు మరుసటి ఏడు అదే రొట్టె తెచ్చి, అది కావలసిన మరొకరి చేతిలో పెడతారు. అక్కడ పుచ్చుకునేవారిని కృతజ్ఞత లేనివారని ఎవరూ అనరు. ఈ ఏడు మీది పుచ్చుకునే చేయి. వచ్చిన జబ్బుకూ, తిరిగొచ్చిన బేళ్లకూ మీరు దణ్ణం పెట్టనక్కరలేదు. చేసినవారికి, చేసిన పనికి మాత్రం పెట్టుకోండి, చాలు.

కనుక పండగ మానేయవద్దు, తగ్గించండి. భోగికి ముందే అమ్మాయికి ఫోన్ చేసి, ఈసారి అల్లుడుగారికి పెట్టుపోతలు చేయలేమని, వచ్చి నాలుగు రోజులు మాతో ఉంటే అదే మాకు పండగని దాచకుండా చెప్పండి. అప్పు చేసి బట్టలు పెడితే, ఆ సంగతి తరువాత తెలిసినప్పుడు ఆ పిల్లే ఎక్కువ బాధపడుతుంది. అరిసెలు వండే ఓపిక లేకపోతే కొత్తబియ్యంతో పొంగలి వండి, పెద్దలకు పెట్టుకోండి.

ఇక మీ ఆయన సంగతి నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందికి మనసు కుంగిపోయే జబ్బు కూడా వస్తుంది. గోడవైపు తిరిగి పడుకోవడం బద్ధకమూ కాదు, మీమీద అలకా కాదు, ఆ జబ్బు లక్షణం కావచ్చు. దానికి మందులున్నాయి. మనసు కుంగితే వ్యాయామం కూడా మూలపడుతుంది కాబట్టి, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కాలూ చెయ్యీ గురించే కాకుండా ఈ విషయం కూడా తప్పక చెప్పండి. మీకు కూడా నిద్ర పట్టకపోయినా, ప్రాణం మీద విరక్తి కలిగినా ఆలస్యం చేయకుండా 14416కు ఫోన్ చేయండి. అది మనసు బాధల్లో సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, పేరు టెలీ మానస్, డబ్బు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

కనుమ నాడు ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి కొట్టం దగ్గరికి తీసుకెళ్లండి. గేదెను కడిగి, కొమ్ములకు పసుపు రాశాక, పొంగలి ముద్దను ఆయన ఎడమచేతిలో పెట్టండి. చేయి వణికినా, సగం కింద పడినా మీరు అందుకోవద్దు, ఆయననే గేదెకు తినిపించనివ్వండి. ఆరు నెలలుగా అందరి చేతా పెట్టించుకుంటున్న మనిషి ఆయన. తరువాత ఒక గిన్నెలో పొంగలి తీసుకుని పక్కింటికి వెళ్లండి. అక్కడ పెద్ద మాటలేమీ అవసరం లేదు. "ఆ ఇరవై రోజులూ ఇంటి దగ్గర గేదె ఏమైందోనని నేను ఒక్కసారి కూడా దిగులు పడలేదక్కా" అని ఆమెతో చెప్పండి.