ఫ్రీవే ఎక్కేచోట ఆ ఎర్రలైటు ఎందుకు?

కాలిఫోర్నియాలో బే ఏరియాకి కొత్తగా వచ్చిన మనవాళ్లు లైసెన్సు చేతికి రాగానే అడిగే మాట ఇది: "అన్నా, ఫ్రీవే మీద సిగ్నళ్లుండవన్నారు, మరి ఎక్కే ర్యాంప్ మీద ఈ లైటేంటి, ముందు రోడ్డు ఖాళీగానే ఉంది కదా?"

దాన్ని మీటరింగ్ లైట్ అంటారు, కార్లని గుంపుగా కాకుండా కొన్నికొన్నిగా ఫ్రీవే మీదకి వదులుతుంది. ఖాళీగా ఉన్నట్టు కనిపించేది దాని పుణ్యమే. ఫ్రీవేలో ఒక్కో లేన్ గంటకి దాదాపు 2000 కార్లు మోయగలదు, ఆ అంచుకి చేరాక పది కార్లు ఒకేసారి గుంపుగా దూరితే ముందువాడు బ్రేక్ వేస్తాడు, వెనకవాళ్లు ఇంకా గట్టిగా వేస్తారు, ఒకసారి అలా ట్రాఫిక్ స్తంభించిందంటే రోడ్డు మోసే కార్ల సంఖ్యే తగ్గిపోతుంది. తిరుమలలో కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి కొంతమందినే వదులుతారే, అదే పద్ధతి.

ఇది దండగ అని మిన్నెసోటాలో పెద్ద గొడవే జరిగింది. 2000లో మినియాపోలిస్, సెయింట్ పాల్ చుట్టూ ఉన్న 430 దాకా మీటరింగ్ లైట్లని కొన్ని వారాలు ఆపేసి చూశారు. ఫ్రీవేల మీద వెళ్లే కార్లు 9 శాతం తగ్గాయి, ప్రయాణ సమయం 22 శాతం, ప్రమాదాలు 26 శాతం పెరిగాయి. మళ్లీ పెట్టారు, కాకపోతే ర్యాంప్ మీద ఎవరినీ 4 నిమిషాలకి మించి ఆపకూడదని హద్దు పెట్టారు. జనం కోపంలోనూ న్యాయముందని నా అభిప్రాయం, ఊరి ర్యాంపుల్లో వాళ్లని నిలబెట్టి దూరం నుంచి వచ్చేవాళ్లకి దారివ్వడమే కదా మరి.

ఇక మీరు చేయాల్సింది. తెల్లగీత దాకా వచ్చి ఆగండి, భయపడి రెండు కార్ల దూరంలో ఆగితే రోడ్డులోని సెన్సర్‌కి మీరు తెలియరు, లైటు ఎర్రగానే ఉండిపోవచ్చు. పచ్చ ఒకట్రెండు సెకన్లే ఉంటుంది. 'వన్ కార్ పర్ గ్రీన్' అని బోర్డుంటే ఒక్క కారే, ముందువాడి వెనకాలే వెళ్లిపోతే అది రెడ్ లైట్ దాటినట్టే, టికెట్ ఇస్తారు. రెండు వరసలుంటే మీ వరస లైటే చూసుకోండి. పచ్చ పడ్డాక మాత్రం మొహమాటం వద్దు, మిగిలిన ర్యాంప్‌లోనే ఫ్రీవే వేగానికి చేరాలి, నలభై మైళ్ల వేగంతో ఫ్రీవేలో కలవడమే అసలు ప్రమాదం. లైటు ఆరిపోయి ఉంటే ఆగనే కూడదు, వెనకవాడు గుద్దేస్తాడు.

కార్‌పూల్ వరస (ఒకరికంటే ఎక్కువమంది ఉన్న కార్లకి) ఉంటే ఎంతమంది కావాలో బోర్డు చదవండి. కార్ సీట్లో పసిబిడ్డ ఉన్నా కాలిఫోర్నియాలో మనిషి కిందే లెక్క. ఆ వరసకీ కొన్నిచోట్ల లైటుంటుంది, చూసుకోండి.