బార్ వదలడం కూడా రావాలి

కొండవెలగాడ,
ఆదివారం

అమ్మలూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. వెయిట్‌లిఫ్టింగ్ స్టేట్ మీట్ నుంచి వచ్చిన దగ్గర్నుంచి నువ్వు సరిగ్గా అన్నం తినడం లేదట. హాస్టల్‌కి తిరిగి వెళ్లనంటున్నావట. లిఫ్టింగ్ షూస్ కూడా ఎవరో జూనియర్ పిల్లకి ఇచ్చేశానన్నావట. మావయ్యతో మాట్లాడమంటే తల అడ్డంగా ఊపావని కూడా చెప్పింది. సరే, మాట్లాడొద్దు. ఇది చదివితే చాలు.

ఒక్క ఊపులో తల మీదికెత్తే స్నాచ్‌లు మూడూ పోయాయి. స్నాచ్ లేకపోతే, భుజాల మీద ఆపి రెండు విడతల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌తో కలిపి వేసే టోటల్ కూడా లేదు. రిజల్ట్ షీట్‌లో నీ పేరు పక్కన అంకె ఉండాల్సిన చోట గీత. ఆ గీత ఎలా ఉంటుందో నాకు తెలుసు, 1984లో నాకూ పడింది. కాబట్టి పాజిటివ్‌గా ఉండు అని మాత్రం చెప్పను. ఆ మాట మీ హాస్టల్ గోడ మీద ఎలాగూ రాసే ఉంటుంది. ఏడుపొస్తే ఏడువు. పక్కింటావిడ వచ్చి "ఎన్నో ప్రైజ్ వచ్చిందే?" అని అడిగితే లేచి లోపలికి పో, నేనేమీ అనుకోను.

నీకు పదకొండేళ్లప్పుడు మన షెడ్డులో మొదటి వారమంతా నీ చేత ఏం చేయించానో గుర్తుందా? ఉత్త కర్ర ఇచ్చి, పడేయడం నేర్పాను. తల మీదికెత్తాక అది వెనక్కి పోతోందనిపిస్తే చేతులు వదిలి ముందుకు గెంతాలి. ముందుకు జారుతోందంటే తోసేసి వెనక్కి గెంతాలి. రోజుకి యాభైసార్లు. "ఎత్తడం ఎప్పుడు నేర్పుతావు మావయ్యా?" అని విసుక్కున్నావు. పోయిన లిఫ్ట్‌ని ఎలాగైనా నిలబెడదామని బార్‌ని పట్టుకుని వేలాడేవాళ్లకే మోచెయ్యి పోతుంది, భుజం జారుతుంది. అందుకే ఆ వారం.

మీ అమ్మ పంపిన వీడియో ఏడెనిమిదిసార్లు చూశాను. మూడో లిఫ్ట్‌లో బార్ నీ తల దాటి వెనక్కి వెళ్లిపోయింది. నువ్వు చేతులు వదిలి ముందుకు గెంతి, రెండు కాళ్ల మీదా నిలబడ్డావు. వెటకారం కాదు, చాలా శుభ్రంగా వదిలావు. ప్లాట్‌ఫాం మీద అంత బాగా వదిలేసిన దాన్నే ఇంటికి మోసుకొచ్చి, మంచం మీద పక్కన పెట్టుకుని పడుకున్నావు.

నేనూ అంతే చేశాను. మా రోజుల్లో ఇనుప ప్లేట్లు, మట్టి నేల. పడేస్తే గొయ్యి పడుతుందని పాత టైరు ముక్కలు పరిచేవాళ్లం. ఆ 1984 మీట్‌లో నా ఆఖరి లిఫ్ట్ పైకి లేచింది, కానీ చెల్లదని ఇద్దరు రిఫరీల రెడ్ లైట్లు వెలిగాయి. మోచెయ్యి వంగి మళ్లీ చాచుకుందన్నారు. వంగలేదని టీ కొట్టు దగ్గర నేను చెప్పని మనిషి లేడు. ఆరు నెలలు అదే కథ. మోచెయ్యి వంగింది అమ్మలూ. ఆ క్షణంలోనే నాకు తెలుసు. రిఫరీల మీద ఆ కోపంతో ప్రాక్టీసు మానేశాను. ఆ ఆరు నెలల్లోనే ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటా ట్రయల్స్ వచ్చాయి. వెళ్లాను, నెల రోజులు మంచం పట్టి లేచినవాడిలా ఉన్నాను. మీట్‌లో పోయింది ఒక్క రోజే. ఆ ఉద్యోగం పోగొట్టుకుంది మాత్రం నేనే.

తర్వాత జూట్ మిల్లులో చేరడం, కొన్నేళ్లకి అది లాకౌట్ అవడం నీకు తెలిసిన కథే. ఆ గేటుకి తాళం పడిన రోజు నాకు మళ్లీ ఆ గీత కనబడింది. ఈసారి టీ కొట్టుకి వెళ్లలేదు. నాలుగో రోజు నుంచి ఒక వెల్డింగ్ షాపులో పనికి కుదిరాను. నలభై దగ్గర పడుతున్న మనిషి ఇరవై ఏళ్ల కుర్రాడి దగ్గర హోల్డర్ పట్టుకోవడం నేర్చుకోవడం ఏమంత సరదాగా ఉండదు. మన షెడ్డులో నువ్వు స్క్వాట్లు చేసిన స్టాండ్లు ఆ షాపులో నేను అతికించినవే. ఎడమవైపు దాని అతుకు కొంచెం వంకర, అది మొదటి వారంలో చేసింది.

ఇప్పుడు నీ లిఫ్ట్‌ల సంగతి. దుఃఖం తగ్గాక కాదు, ఇప్పుడే చూడాలి, ఎందుకంటే వేడి మీద ఉన్నప్పుడే నిజాలు గుర్తుంటాయి. నీ ఓపెనర్, అంటే మొదటి లిఫ్ట్, 68 కిలోలు పెట్టారు. హాస్టల్లో నువ్వు 68 ఎన్నిసార్లు ఎత్తావు? మీ అమ్మనడిగితే "ఒకసారి, పోయిన నెల" అంది. ఓపెనర్ అంటే ఒంట్లో జ్వరమున్నా, రాత్రి నిద్ర లేకపోయినా లేచే బరువు. బార్ మీద బరువు పెరగడమే గాని తగ్గడం ఉండదు కదా. 68 దగ్గర ఇరుక్కుంటే అక్కడే మూడూ ఖర్చవుతాయి. నీకు 62 పెట్టి ఉండాల్సింది. కోచ్ చెప్పారనే అంటావు. ఈసారి ఆయన్ని కూర్చోబెట్టి, మర్యాదగానే, అడుగు.

రెండోది. మొదటి లిఫ్ట్‌కీ రెండో లిఫ్ట్‌కీ మధ్య ఇంకెవరూ లేరు, కాబట్టి నీకు నిమిషం కాదు, రెండు నిమిషాలు టైముంది. వీడియోలో నువ్వు నలభై సెకన్లకే బార్ దగ్గరికి వచ్చేశావు. ఊపిరి కూడా కుదురుకోలేదు. మిగతా ఎనభై సెకన్లు ఎవరికిచ్చావు? మూడోది, నీ వెయిట్ క్లాస్‌లో పడేలా ఒంటి బరువు దిగడానికి ముందు రోజు నుంచి నీళ్లు మానేశావని తెలిసింది. తూకానికీ పోటీకీ మధ్య ఉండేది రెండు గంటలు. ఒంట్లోంచి పిండేసిన నీళ్లు అంతలో తిరిగి రావు. మోకాళ్లు వణకడం భయం వల్ల అనుకుని ఉంటావు, చాలావరకు దాహం అది.

చూశావా, మూడు లిఫ్ట్‌లు పోవడానికి మూడు కారణాలు దొరికాయి. మూడూ బాగుచేసుకోదగ్గవే. "నేను పనికిరాను" అనేది ఆ పట్టీలో ఎక్కడా కనబడలేదు. నీ నోట్‌బుక్‌లో ఇవే రాయి, తేదీ వేసి.

మన ఆమదాలవలస వైపు నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో స్నాచ్ 110, జెర్క్ 130 ఎత్తి, చివర్లో 137.5 అడిగింది. అది లేచి ఉంటే బంగారమే, ఎందుకంటే గెలిచినవాళ్ల టోటల్ 242.5. లేవలేదు. 240తో కాంస్యం. మన దేశంలో ఒక ఆడపిల్లకి వచ్చిన మొదటి ఒలింపిక్ పతకం అది. ఇప్పటికీ మా వయసు లిఫ్టర్లు కూర్చుంటే ఆ 137.5 గురించి వాదించుకుంటారు. నాకైతే ఆ నంబరు అడగడమే నచ్చింది.

మీరాబాయి చాను సంగతి నీకు తెలుసు. 2016లో రియోలో క్లీన్ అండ్ జెర్క్ మూడూ పోయాయి. నీకు పడిన గీతే, కాకపోతే ప్రపంచమంతా చూస్తుండగా. మరుసటి ఏడాది ప్రపంచ ఛాంపియన్. తర్వాత టోక్యోలో 202 కిలోలతో రజతం. అందరూ ఇక్కడితో కథ ఆపేస్తారు. నేను ఆపను. 2024లో పారిస్‌లో ఆమె 199 ఎత్తింది. ఒక్క కిలోతో కాంస్యం పోయి నాలుగో స్థానం. 2025లో నార్వేలో జరిగిన ప్రపంచ పోటీల్లో మళ్లీ అదే 199. ఈసారి రజతం. ఒకే అంకెకి ఒకచోట నాలుగో స్థానం, ఇంకోచోట పతకం. పక్కవాళ్లు ఎంత ఎత్తుతారో మన చేతిలో లేదు. ఓపెనరూ, నీళ్లూ, ఆ రెండు నిమిషాలూ మన చేతిలోవి.

ఆట మానేయాలనుంటే మానెయ్. నిజంగానే అంటున్నాను, లిఫ్టింగ్ ఒక్కటే బతుకు కాదు. కాకపోతే ఓడిపోయిన వారం ఆ నిర్ణయం తీసుకోకు. మళ్లీ ఒక నెల చెయ్యి. బార్ గాలిలో తేలినట్టు లేచిన రోజు ఒకటి వస్తుంది, ఆ సాయంత్రం కూర్చుని ఆలోచించు. ఆ రోజు కూడా మానెయ్యాలనిపిస్తే మీ అమ్మతో నేనే మాట్లాడతాను.

శనివారం బస్సెక్కు. అత్త చేపల పులుసు పెడతానంది. నువ్వు వచ్చాక షెడ్డులో 40 కిలోల మీద బరువు ముట్టుకోనివ్వను, ముందే చెబుతున్నా. చేతుల్లో కాయలు చీలి ఉంటే బ్లేడుతో గోకకు, వేడినీళ్లలో నానబెట్టి రాయితో రుద్దుకో.

షూస్ మాత్రం తీసుకురా. ఆ జూనియర్ పిల్ల పాదం నీకన్నా రెండు నంబర్లు చిన్నదట, అవి నీ మంచం కిందే ఉన్నాయని మీ అమ్మ చెప్పింది.

నీ
పెదమావయ్య